వేడి మింగే పళ్లెం

1953 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో 24 గంటల కారు పందెం జరిగింది. ఆ పందెపు దారిలో దాదాపు తిన్నగా సాగే ఆరు కిలోమీటర్ల రోడ్డు ఒకటుంది. దాని చివర ఇరుకైన మలుపు. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చిన కారు అక్కడ బాగా నెమ్మదించాలి, తిరగాలి, మళ్లీ వేగం అందుకోవాలి. గెలవాలనుకున్నవాళ్లు పగలూ రాత్రీ కలిపి ఆ పని సుమారు మూడు వందల సార్లు చేయాలి.

ఫెరారీలకు డ్రమ్ము బ్రేకులు. జాగ్వార్ సి-టైప్ కార్లకు డన్‌లప్ వాళ్లు చేసిన డిస్క్ బ్రేకులు. ల్యాపులు గడిచి డ్రమ్ములు కాగేకొద్దీ వాటి డ్రైవర్లు మలుపుకి ఇంకా ఇంకా ముందే కాలు వేయాల్సి వచ్చింది. డిస్కులున్నవాళ్లు ముందు ఎక్కడ వేశారో తర్వాతా అక్కడే వేశారు. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన జాగ్వార్ గంటకు 170 కిలోమీటర్ల సగటుతో గెలిచింది. ఆ పందెంలో సగటు వేగం వంద మైళ్లు దాటడం అదే మొదటిసారి. రెండో స్థానం, నాలుగో స్థానం కూడా జాగ్వార్లవే.

కారుకి కంపెనీ ఇచ్చిన బ్రేకులు తీసేసి పెద్దవి వేయించుకుందామా అని ఊగిసలాడేవాళ్లు ఈ పందెం నుంచి ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే చాలు. ఒక్కసారి ఆపడంలో డ్రమ్ము కూడా తీసిపోదు. డిస్క్ నెగ్గింది మూడు వందలోసారి ఆపడంలో.

నిజానికి అప్పటికే డిస్క్‌కి యాభై ఏళ్లు నిండాయి. బర్మింగ్‌హామ్‌లో కార్లు తయారు చేసిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. చక్రంతోపాటు తిరిగే పలచటి లోహపు పళ్లెం, దాన్ని రెండు వైపులా నొక్కే బిళ్లలు. ఆలోచన ఈనాటిదే, సరుకే ఆనాటిది. బిళ్లలకి ఆయన వాడింది రాగి. లోహం మీద లోహం రాసుకుంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! వీధి చివర్నుంచే వినిపించే కీచుమోత, దానికి తోడు మట్టి రోడ్ల దుమ్ము పడి తొందరగా అరిగిపోవడం. సరిగ్గా అదే ఏడాది ఫ్రాన్స్‌లో లూయీ రెనో డ్రమ్ము బ్రేకుకి రూపం ఇచ్చాడు. అందులో రాసుకునే షూలు డ్రమ్ము లోపల దాక్కుంటాయి, దుమ్ము పడదు, మోత ఉండదు. పైగా డ్రమ్ముకి ఒక సుగుణం ఉంది. తిరిగే డ్రమ్మే షూని తనలోకి మరింత లాక్కుంటుంది కాబట్టి పెడల్ మీద తక్కువ బలం వేసినా గట్టిగా పడుతుంది. డిస్క్‌కి ఆ సాయం లేదు. ఎంత నొక్కితే అంతే. ఇంజిన్ గాలి పీల్చే బలంతో పనిచేసే బూస్టర్ వచ్చేదాకా మామూలు మనిషి కాలి బలానికి డ్రమ్మే అనువైనది.

బ్రేకు కథలో రాసుకునే పదార్థానికి వేరే చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కొండల్లో బండ్లు తోలేవాళ్లు దిగుడులో బ్రేకు దిమ్మెకి పాత బూటు ముక్కలు తగిలించడం హెర్బర్ట్ ఫ్రూడ్ గమనించాడని చెబుతారు. 1897లో ఆయన పెట్టిన కంపెనీయే ఫెరోడో. మొదట నూలుతో నేసిన లైనింగులు చేశాడు. వేడికి నూలు మాడిపోతోందని 1908లో రాతినారకి, అంటే ఆస్‌బెస్టాస్‌కి మారాడు. అది మాడదు, తొందరగా అరగదు, చవక. డెబ్బై ఎనభై ఏళ్లు ప్రపంచమంతా దాన్నే వాడింది. డ్రమ్ము విప్పి లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదేసిన మెకానిక్కుల ఊపిరితిత్తుల్లోకి అదే వెళ్లింది. ఈ కథలో నాకు మింగుడుపడని భాగం ఇదొక్కటే.

కాలి బలాన్ని నాలుగు చక్రాలకీ సమంగా పంచే పని నూనె చేతికి వచ్చింది 1921లో, అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ కారుతో. ఆ పద్ధతిని కనిపెట్టిన మాల్కం లాక్‌హీడ్ ఆ పేరుతో విమానాలు చేసిన కుటుంబంవాడు. డిస్క్‌ని మళ్లీ వెలుగులోకి తెచ్చింది కూడా విమానమే. రన్‌వే మీద దిగే విమానం మోసుకొచ్చే వేడిని డ్రమ్ము తట్టుకోలేదు. విమానాలకి డిస్కులు చేసి చేయి తిరిగిన డన్‌లప్, జాగ్వార్‌తో కలిసి 1952లో వాటిని పందెపు కారుకి తగిలించింది. ఆ ఏడాది ఇటలీలో జరిగిన మిల్లె మిల్యాలో స్టిర్లింగ్ మాస్ ఆ కారుని నడిపాడు, పక్క సీట్లో టెస్ట్ డ్రైవర్ నార్మన్ డూయిస్. లె మాన్ విజయం ఆ మరుసటి ఏడాది. 1955లో సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకి డిస్కులతో వచ్చి, ఇరవై ఏళ్లలో దాదాపు 14.5 లక్షలు అమ్ముడైంది. అదే ఏడాది లె మాన్‌కి మెర్సిడెస్ ఇంకా డ్రమ్ములతోనే వచ్చింది. అవి చాలవని తెలుసు కాబట్టి కారు వెనక పెద్ద రేకు రెక్క అమర్చి, బ్రేకు వేసేటప్పుడు గాలికి అడ్డంగా లేచేలా చేశారు.  ఇక మన తొలి అంబాసిడర్ కార్లకైతే నాలుగు చక్రాలకూ డ్రమ్ములే.

ఇంతకీ డ్రమ్ము ఎక్కడ ఓడిపోతుంది? బ్రేకు చేసే పని ఒక్కటే, కదలికని వేడిగా మార్చడం. 1200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని దగ్గర సుమారు 463 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. కుళాయి నీళ్లు లీటరున్నర మరగడానికి సరిపోయేంత. 50 వేగంలో ఇందులో నాలుగో వంతే, ఎందుకంటే శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆగేటప్పుడు బరువు ముందుకి వాలుతుంది కనక ఇందులో 70 శాతం దాకా ముందు బ్రేకులే మోస్తాయి. చెరి ఐదు కిలోల ఇనప డిస్కులు రెండున్నాయనుకుంటే, ఒక్కసారి పూర్తిగా ఆగినందుకు వాటి వేడి సుమారు 70 డిగ్రీలు పెరుగుతుంది. ఇది పెద్ద లెక్క కాదు. అది చల్లారకముందే రెండోసారి, ఐదోసారి, పదోసారి ఆపితేనే కష్టం. డ్రమ్ము మూతపెట్టిన గిన్నెలాంటిది, వేడి లోపలే ఉండిపోతుంది. కాగిన డ్రమ్ము వ్యాకోచించి షూలకి దూరం జరుగుతుంది, పెడల్ కిందికి దిగుతుంది. డిస్క్ కాగితే దాన్ని నొక్కే ప్యాడ్ల వైపుకే ఉబ్బుతుంది, గాలి నేరుగా తగులుతుంది, నీళ్లు పడ్డా విసిరికొడుతుంది.

డిస్క్‌కి వేడి చేటు చేయదని కాదు. హద్దు మీరితే ప్యాడ్‌లోని బంక పదార్థాలు మాడి పట్టు తగ్గిపోతుంది. అంతకంటే ప్రమాదం బ్రేక్ ఆయిల్ మరగడం. ఈ ఆయిల్‌కి గాలిలో తేమని పీల్చే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగవచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి. నూనె అణగదు, ఆవిరి అణుగుతుంది. కాలు నేలకి తాకుతుంది, బండి ఆగదు. ఘాట్ రోడ్డులో ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అని చెప్పుకునే ఘటనల్లో కొన్ని ఇలాంటివే.

తిరుమల నుంచి తిరుపతికి దిగడం అంటే నిలువునా సుమారు 700 మీటర్లు కిందికి రావడం. మనుషులూ సామానూ కలిపి 1500 కిలోలున్న కారు ఆ దారిలో దాదాపు 10 మెగాజౌళ్లు వదిలించుకోవాలి. అంటే అదే కారుని 100 వేగం నుంచి ఇంచుమించు పద్దెనిమిది సార్లు పూర్తిగా ఆపినంత వేడి. గాలి, టైర్లు కొంత పంచుకుంటాయి. మిగతాది బ్రేకులకి వదిలేయాలా, ఇంజిన్‌కి అప్పగించాలా అనేది గేరు తేలుస్తుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు వాటా మొత్తం డిస్కుల నెత్తిన పెడుతున్నారు. పైగా కారు గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఈకాలపు ఇంజిన్లు ఇంధనాన్ని పూర్తిగా కట్టేస్తాయి, న్యూట్రల్‌లోనే కాస్త తాగుతాయి. రెండో గేరో మూడో గేరో వేసి దిగితే కంపెనీ బ్రేకులతోనే హాయిగా దిగొచ్చు. లక్ష రూపాయల బ్రేకులు చేసే పని గేరు రాడ్డు ఊరికే చేస్తుంది.

ఇక పెద్ద బ్రేకుల సంగతి. పళ్లెం వ్యాసం పెరిగితే మీట పొడవు పెరిగినట్టే, అంతే ఒత్తిడికి చక్రం మీద ఎక్కువ బలం పడుతుంది. ఇనుము ఎక్కువ కాబట్టి వేడిని ఎక్కువ మింగుతుంది. ఇంతవరకు దుకాణంవాడు చెప్పేది నిజమే. అయితే బ్రేకు ఆపేది చక్రాన్ని. కారుని ఆపేది రోడ్డుని పట్టుకున్న టైరు. మంచి టైరు పొడి తారురోడ్డు మీద ఇచ్చే పట్టుతో 100 వేగం నుంచి ఆగడానికి సుమారు 40-50 మీటర్లు కావాలి. తడి రోడ్డు మీద అది 80 దాకా పోవచ్చు. తేరుకుని కాలు వేయడానికి పట్టే ఒక్క సెకనులో కారు వెళ్లిపోయే 28 మీటర్లు దీనికి అదనం. ఈ అంకెల్లో దేన్నీ పెద్ద డిస్క్ మార్చలేదు. చక్రాన్ని బిగించి జారేలా చేసేంత బలం మామూలు కారు బ్రేకులకి ముందే ఉంది. ఆ జారుడుని ఆపడానికే 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో బాష్ వాళ్ల ఏబీఎస్ వచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి.

కాబట్టి పరీక్ష తేలిక. ముందూ వెనకా ఎవరూ లేని పొడి రోడ్డు మీద, 40-50 వేగంలో, పెడల్ పూర్తిగా తొక్కాలి. కాలి కింద టకటకా కొట్టుకుంటే ఏబీఎస్ పనిచేస్తోందన్నమాట. అంటే టైరు ఇవ్వగలిగినదంతా బ్రేకు ముందే వాడేసుకుంటోంది. అక్కడ ఖర్చుపెట్టే డబ్బు టైర్లకి పోవాలి, అవి 1.6 మిల్లీమీటర్ల గీత దాకా అరిగేవరకు ఆగకుండా. ఎంత తొక్కినా అక్కడిదాకా రాకపోతే లోపం డిస్క్ సైజులో కంటే ప్యాడ్లలో, బూస్టర్‌లో, ప్యాడ్లని నొక్కే క్యాలిపర్‌లో పట్టేసిన పిస్టన్‌లో వెతకడం న్యాయం. పెడల్ మెత్తగా దిగుతుంటే ఆయిల్ మార్పించి ఎయిర్ తీయించాలి, ఉబ్బిపోయిన పాత రబ్బరు గొట్టాలు మార్చాలి. కారుని చూసిన ప్రతి మెకానిక్కూ ఇది చెప్పడు, ఇందులో మిగిలేది తక్కువ.

పెద్ద బ్రేకు తెచ్చే తలనొప్పులు కూడా ఉన్నాయి. క్యాలిపర్ పిస్టన్లు పెద్దవైతే వాటిని తోయడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, ఆ ఆయిల్‌ని తోసే పాత మాస్టర్ సిలిండర్‌తో పెడల్ మరింత లోతుకి పోతుంది. ముందు బ్రేకులు ఒక్కటే బలపడితే ముందూ వెనకల తూకం చెడుతుంది. ముందు టైర్లు తొందరగా జారుడు అంచుకి చేరితే, వెనక టైర్లు చేయాల్సిన పని చేయకుండానే ఏబీఎస్ అడ్డుపడుతుంది, ఆగే దూరం పెరిగినా పెరగొచ్చు. పెద్ద డిస్క్ పట్టాలంటే పెద్ద చక్రం కావాలి, దానికి పలచటి టైరు, ఆ టైరుకి మన గుంతలు. పందెపు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు. పొద్దున్నే ఇంటి గేటు దాటగానే వేసే మొదటి బ్రేకుకి అవి పనికిరావు. ఇక కంపెనీ క్యాలిపర్ల మీద తగిలించే ఎర్ర ప్లాస్టిక్ మూతలు ఉన్నాయి చూశారూ, అవి గాలిని అడ్డుకుంటాయి తప్ప ఇంకేమీ చేయవు.

మార్చాల్సినవాళ్లు లేరా అంటే ఉన్నారు. చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కరి ట్రాక్‌లోనో సరదాకి ల్యాపులు కొట్టేవాళ్లు తమ చిన్న లె మాన్‌లో ఉన్నట్టే లెక్క. వాళ్లకి కూడా మొదట వేడికి తట్టుకునే ప్యాడ్లు, ఎక్కువ వేడికి మరిగే ఆయిల్ వేసి చూడమంటాను. అవి చాలకపోతేనే డిస్కులు. ఇంజిన్ ట్యూన్ చేయించి గుర్రపుబలం బాగా పెంచుకున్నవాళ్లు, డ్రమ్ముల కాలపు పాత కారుని నేటి హైవే మీద తిప్పాలనుకునేవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు. పాత కారుకి ముందు డిస్కులు, బూస్టర్ తెలిసినవాడి చేత అమర్పించడం దండగ ఖర్చు కాదు.

రాగి కథ లాంచెస్టర్‌తో అయిపోలేదు. రాతినార పోయాక ప్యాడ్లలోకి రాగిపొడి తిరిగొచ్చింది, వేడిని బాగా లాగేస్తుందని. ఆ దుమ్ము వానకి కొట్టుకుపోయి నదుల్లోని సాల్మన్ చేపలకి చేటు చేస్తోందని తేలి అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో దాన్ని తగ్గించే చట్టాలు చేశాయి.

రాగిలాగే డ్రమ్ము కూడా తిరిగొచ్చింది. ఎలక్ట్రిక్ కారు నెమ్మదించే పని చాలావరకు మోటారే చేసి, ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. వేడి పుట్టకపోతే డిస్క్‌కి పని తగ్గుతుంది, పనిలేని ఇనుముకి తుప్పు పడుతుంది. అందుకే ఫోక్స్‌వాగన్ తన ఐడీ.3కి వెనక మూసి ఉండే డ్రమ్ముల్నే ఎంచుకుంది. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు బ్రేకులు పెద్దవి చేయించుకోవడం గురించి కంటే, అప్పుడప్పుడు ఖాళీ రోడ్డు మీద నాలుగైదు సార్లు గట్టిగా బ్రేకు వేసి డిస్కుల తుప్పు రాలగొట్టడం గురించి ఆలోచించడం మేలు.