మరమనుషుల జట్టులో కొత్త చేతులు

భిలాయ్ ఉక్కు నగరానికి శిక్షణ అనే మాట కొత్తది కాదు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మన మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఈ నాలుగేళ్ళ వ్యవధిలో కొలిమితో పాటు, కొలిమి చెంత నిలబడగల మనుషులను కూడా తయారు చేయవలసి వచ్చింది. కొందరిని సోవియట్ కర్మాగారాలకు పంపారు. మిగిలినవారు ఇక్కడికి వచ్చిన నిపుణుల పక్కన నిలబడి, దుభాషీల సహాయంతో, అంతకన్నా ఎక్కువగా చేతి సైగలతో పని నేర్చుకున్నారు. ఆ నిపుణులు ఏనాటికైనా స్వదేశానికి వెళ్ళిపోయేవారే. కనుక పక్కనున్న భారతీయుని చేతికి పని అప్పగించడం వారి విధుల్లో భాగమయింది.

ఈ పాత సంగతి నాకు ఇప్పుడు జ్ఞప్తికి రావడానికి కారణం మా పొరుగు క్వార్టరులోని అమ్మాయి. వారి కుటుంబం రెండు తరాల క్రితం శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఆమె ఈ ప్రాంతపు ఇంజనీరింగ్ కళాశాలలో మొదటి సంవత్సరంలో చేరి, అక్కడి రోబోల జట్టుకు ఎంపికయింది. స్వాగత సభ ఘనంగా జరిగిందట. సమోసాలు, టీ, గత పోటీల చలనచిత్రాలు, సీనియర్ల ఉపన్యాసాలు అన్నీ అయ్యాయి. ఆ తరువాత ఆరు వారాల పాటు ఆమె చేసిన పని మరలు ఏరి డబ్బాల్లో సర్దడం, లోహపు పొట్టు ఊడ్చడం, సీనియర్లకు టీ తెచ్చిపెట్టడం.

ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి జట్టు మానేస్తున్నానని చెప్పింది. తల్లికి మొదటి నుండీ అది ఇష్టం లేదు. ఇంటికి రావడం ఆలస్యమవుతోందని, మార్కులు తగ్గుతాయని ఆమె బెంగ. అమ్మాయి బాధ మాత్రం వేరు. “బాబాయిగారూ, పని కష్టమని కాదు. నేను ఒక వారం వెళ్ళకపోయినా అక్కడ ఏదీ ఆగదు” అన్నది.

ఆ మాట నన్ను చాలాసేపు వదలలేదు. మెయింటెనెన్స్ పనిలో ముప్పై ఏళ్ళు పైబడిన నేను కూడా అప్రెంటిస్‌గా మొదటి నెలంతా ఊడ్చినవాడినే. ఊడ్చడంలో చిన్నతనం లేదు. నేల శుభ్రంగా లేని చోట కాలు జారుతుంది. అయితే ఆ నెలలోనే ఒక పెద్ద ఫిట్టరు నాకు ఆకురాయి, ఒక ఇనుప ముక్క ఇచ్చి, నాలుగు వైపులా మట్టం వచ్చే వరకు రాయమన్నారు. చేతులు బొబ్బలెక్కాయి. ఆ తరువాత ఒక పంపుకు గ్లాండు ప్యాకింగ్ మార్చే పని నాకే అప్పగించి, ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నారు. నీరు కారితే అది నా తప్పని అందరికీ తెలుస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు గాని, మరునాటి నుండి నేను ఆ విభాగం మనిషినయ్యాను.

రోబోల పోటీలంటే మన కుటుంబాల్లో చాలామందికి పిల్లల ఆటబొమ్మలే గుర్తుకు వస్తాయి. ఆసియా పసిఫిక్ ప్రసార సంస్థల సమాఖ్య 2002లో టోక్యోలో ప్రారంభించిన రోబోకాన్ పోటీని చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది. ప్రతి ఏడు ఆతిథ్య దేశం ఒక కొత్త సమస్యను ఇస్తుంది. మన దేశంలో దూరదర్శన్ చొరవతో ఆ పోటీ వేళ్ళూనుకుంది. 2008లో పుణేలో జరిగిన అంతర్జాతీయ పోటీకి ఇతివృత్తం ‘గోవింద’, అంటే మన ఉట్టి సంబరం. 2022లో ఢిల్లీలో జరిగిన పోటీకి మనం చిన్నప్పుడు వీధుల్లో ఆడిన ఏడు పెంకులాటే ఆధారం. బంతితో దొంతరను కూల్చడం, మళ్ళీ పేర్చడం, ప్రత్యర్థి అడ్డుకోవడం అన్నీ యంత్రాలే చేయాలి. 2014లో మళ్ళీ పుణేలో జరిగినప్పుడు ‘తల్లిదండ్రులకు వందనం’ అనే ఇతివృత్తం పెట్టారు. అందులో పెద్ద రోబో పిల్ల రోబోను ఎత్తుకుపోయి ఉయ్యాల, ఊగుడు బల్ల వంటి ఆటల దగ్గర దించుతుంది. అక్కడి నుండి పిల్ల రోబో తన పని తానే చేసుకోవాలి.

ఏటేటా సమస్య మారుతుంది. జట్టులోని మనుషులూ మారతారు. నాలుగేళ్ళ చదువు ముగిసి సీనియరు వెళ్ళినప్పుడు ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలిసిన బుర్ర కూడా అతనితోనే వెళ్ళిపోతుంది. కర్మాగారంలో ఒక ఉద్యోగి ముప్పై ఏళ్ళు పక్కన ఉంటాడు. ఈ పిల్లలకు ఆ సౌకర్యం లేదు. అందుచేత కొత్తవారికి పని నేర్పడం వారికి మర్యాద కోసం చేసే పని కాదు, జట్టు ప్రాణానికి సంబంధించినది. పోటీ దగ్గర పడిన కొద్దీ ఈ సంగతి మరుగున పడుతుంది. కొత్తవాడికి చెప్పేలోగా నేనే చేసేస్తాను అనుకోవడం సీనియర్లకు సహజం. మన షాపుల్లోనూ ఆ అలవాటు లేదనలేము.

‘రోబో’ అనే పదం 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకం ద్వారా లోకానికి పరిచయమయింది. దానికి మూలమైన చెక్ మాటకు వెట్టిచాకిరి అని అర్థం. వెట్టి చేయడానికి యంత్రాన్ని తయారు చేసే జట్టులో ఆ వెట్టి మొదటి సంవత్సరం పిల్లల పాలబడడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది.

కొత్తవారికి తొలి అభ్యాసంగా చాలాచోట్ల గీత వెంబడి నడిచే చిన్న బండిని ఇస్తారు. తెల్లని నేల పరారుణ కిరణాలను తిప్పి పంపుతుంది, నల్లని గీత పీల్చుకుంటుంది. ఆ తేడాను గుర్తించి బండి చక్రాలను సవరించుకోవాలి. గీత కొద్దిగా తప్పితే కొద్దిగా, ఎక్కువ తప్పితే ఎక్కువగా తిప్పాలి. సైకిలు తొక్కిన వారందరికీ ఈ సూత్రం తెలుసు. దానిని లెక్కగా రాయడమే ఆ పాఠం. మా రోజుల్లో ఆకురాయి చేసిన పని ఇప్పుడు ఈ బండి చేస్తున్నది. అయితే అభ్యాసం అభ్యాసమే. అది చెడిపోతే జట్టుకు నష్టం లేదు. దాని తరువాతి మెట్టుగా కొత్తవారికి ఏది ఇవ్వాలన్నదే నన్ను ఆలోచింపజేసింది.

నేను ఆ అమ్మాయికి ఒక్క సలహా ఇచ్చాను. మానేసే ముందు, నిరుడు పోటీకి వెళ్ళిన రోబోను విప్పి, దాని తీగల పటం గీసే పని ఇమ్మని అడగమన్నాను. మూడవ సంవత్సరం విద్యార్థి ఒకరిని, ఆమె మాటల్లో ‘భయ్యా’ని, అడిగింది. ఆయన కొంచెం తటపటాయించి ఒప్పుకున్నాడట. తటపటాయింపునకు కారణం తరువాత తెలిసింది. ఆ రోబోకు తీగలు అమర్చిన విద్యార్థి చదువు ముగించి వెళ్ళిపోయాడు; పటమంటూ ఎవరి వద్దా లేదు. నాలుగు రోజులు కూర్చుని ఆమె ఒక్కొక్క తీగనూ మీటరుతో పరీక్షించి, పుస్తకంలో గీసింది. ఒక చక్రం తిరుగుడును లెక్కించే పరికరానికి చెందిన కనెక్టరు వదులై ఉన్నట్లు కనిపెట్టింది. బండి ఎందుకు ఒక పక్కకు లాగుతుందో అంతవరకు ఎవరికీ తెలియలేదట. ఆ పుస్తకాన్ని ఇప్పుడు పని గదిలో అందరికీ అందేచోట గొలుసుతో కట్టి ఉంచారు.

పుస్తకం చూడడానికి నేను కూడా ఒకసారి వెళ్ళాను. వెళ్ళినవాడిని ఊరికే ఉండలేక నాలుగు సురక్షా సూత్రాలు చెప్పి వచ్చాను. డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర ఒక కుర్రవాడు చేతి తొడుగులు వేసుకుని నిలబడ్డాడు. తొడుగు ఎప్పుడూ రక్షణే అని కొత్తవారు భావిస్తారు. తిరిగే యంత్రం దగ్గర అదే చేతిని లోపలికి లాక్కుపోతుంది. అక్కడ కావలసినవి కళ్ళద్దాలు, ముడి వేసిన జుట్టు. రోబోలో వేలు పెట్టే ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. షట్‌డౌన్ తీసుకోకుండా మనం ఏ కన్వేయరునూ ముట్టుకోము కదా! వారు వాడే లిథియం బ్యాటరీలు ఉబ్బినా, గుచ్చుకున్నా మండిపోగలవు. చార్జింగ్‌లో పెట్టి ఎవరూ లేకుండా వదిలి వెళ్ళకూడదు. ఎర్రని అత్యవసర బొత్తాము ఎక్కడుందో జట్టులో అందరికన్నా కొత్తవారికి ముందు చూపాలి. పిల్లలు శ్రద్ధగా విన్నారు. తొడుగుల కుర్రవాడు మాత్రం కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

ఇంట్లో తల్లితో కూడా ఒక ఒప్పందం కుదిరింది. రాత్రి తొమ్మిదింటికి తండ్రి స్కూటరు మీద వెళ్ళి తీసుకువస్తారు. సెమిస్టరు పరీక్షలకు ముందు మూడు వారాలు పని గది ముఖం చూడకూడదు. మొదటి సెమిస్టరులో గణితం మార్కులు కొంత తగ్గిన మాట నిజమే. ఆ విషయమై తల్లి నన్ను ఇప్పటికీ కొంత కోపంగానే చూస్తారు.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండవ సంవత్సరం. మొన్న సాయంత్రం వచ్చి నా పాత ఆకురాయి అడిగి తీసుకువెళ్ళింది. జట్టులోకి కొత్తగా ఏడుగురు వచ్చారట. మరి టీ ఎవరు తెస్తున్నారని అడిగాను.

“వంతులు వేసుకున్నాం బాబాయిగారూ, ఈ వారం నాది” అన్నది.