అగ్రీయబుల్ గ్రే వర్సెస్ రిపోజ్ గ్రే: ఫోన్ కెమెరాను నమ్మి గోడకు రంగేస్తే ఏమైందంటే..

ఈసారి రివ్యూ ఫోన్‌ది కాదు, గోడ రంగుది. డాలస్‌లో మొదటి ఇల్లు కొన్నాం. గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు, వాళ్ల గదికి రంగు వేయాలి. షెర్విన్-విలియమ్స్ షేడ్ కార్డుల్లో చివరికి రెండు మిగిలాయి: అగ్రీయబుల్ గ్రే, రిపోజ్ గ్రే. విడివిడిగా ఫొటోలు తీసి వాట్సాప్ చేస్తే, "రెండూ ఒకటే కదరా" అంది అమ్మ. నాకూ అలాగే అనిపించి రిపోజ్ గ్రే వేసేశా.

వారం తర్వాత వీడియో కాల్‌లో గది చూపించా. "ఇంకా రంగు వేయలేదా? సిమెంటు గోడలా ఉందేంటి?" అంది. నేరుగా చూసినా అలాగే ఉంది మరి!

స్పెక్స్ ఏం చెబుతున్నాయి?

ఆర్‌జీబీ విలువలు చూస్తే అగ్రీయబుల్ గ్రే 209, 203, 193. రిపోజ్ గ్రే 204, 201, 192. పడిన వెలుతురులో ఎంత శాతం వెనక్కి పంపుతుందో చెప్పే ఎల్‌ఆర్‌వీ మొదటిదానికి 60, రెండోదానికి 58. చూడటానికి తేడా లేనట్టే. కానీ ఎరుపు, నీలం మధ్య గ్యాప్ మొదటిదాంట్లో 16, రెండోదాంట్లో 12. అందుకే మొదటిది కాస్త వెచ్చగా, లేత గోధుమ ఛాయలో కనిపిస్తుంది.

ఫోన్ ఎందుకు పట్టుకోలేదు?

ఆటో వైట్ బ్యాలెన్స్ పనే ఛాయను సర్దేయడం. మనం వెతికే తేడానే అది దిద్దేస్తుంది. పైగా ఆ గది కిటికీ ఉత్తరం వైపు. నేరుగా ఎండ రాదు, నీలి ఛాయ వెలుతురే ఎక్కువ. దానికి తోడు నేను పెట్టింది 5000 కెల్విన్ ఎల్‌ఈడీ. చల్లటి రంగు మీద చల్లటి లైటు!

రెండోసారి ఇలా టెస్ట్ చేశా

రెండు రంగుల శాంపిల్ షీట్లు పక్కపక్కనే అంటించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూశా. పక్కన తెల్ల ఏ4 కాగితం పెట్టి, ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి ఫొటోలు తీశా. అప్పుడు తేడా స్పష్టంగా కనిపించింది. బల్బు 2700 కెల్విన్‌కి మారిస్తే రాత్రిపూట రిపోజ్ గ్రే బాగానే ఉంది, పగలు మాత్రం మళ్లీ సిమెంటే.

తీర్పు

ఉత్తరం వెలుతురు గదికి అగ్రీయబుల్ గ్రే. ఎండ బాగా పడే దక్షిణం గదిలో అది గోధుమ రంగు వైపు జరుగుతుంది, అక్కడ రిపోజ్ గ్రే బెటర్. నాకైతే ఒక వీకెండ్, రెండు గ్యాలన్ల పెయింటు దండగ. చేతిలో పట్టుకుని చూడకుండా ఫోన్ కొనొద్దని మీకు చెప్పేది నేనే కదా!