థండర్‌బర్డ్‌లో యాడ్‌ఆన్ వేస్తున్నారా? ‘యాడ్’ నొక్కే ముందు ఆ ఒక్క లైన్ చదవండి!

కడియం నర్సరీలకు మొక్కల ఆర్డర్లు, భీమవరం రొయ్యల ఎగుమతిదారులకు విదేశీ బయ్యర్ల లెటర్లు.. వాట్సాప్ ఎంత నడిచినా ఇన్‌వాయిస్, బ్యాంక్ వివరాల దగ్గరికొచ్చేసరికి మెయిల్ తప్పదు. నాలుగైదు మెయిల్ ఐడీలను ఆఫీస్ కంప్యూటర్‌లో ఒకేచోట చూసుకోవడానికి పనికొచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ థండర్‌బర్డ్. 2004లో 1.0 వెర్షన్ వచ్చింది. అందులో లేని సౌకర్యాన్ని మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రామే యాడ్‌ఆన్.

వేయడం రెండు నిమిషాల పనే. మెనూలో ‘యాడ్‌ఆన్స్ అండ్ థీమ్స్’ ఓపెన్ చేసి, పేరు వెతికి, ‘యాడ్ టు థండర్‌బర్డ్’ నొక్కాలి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో వెతికి నేరుగా నొక్కితే మాత్రం ఎర్రర్ వస్తుంది. ఎందుకంటే ఫైర్‌ఫాక్స్ దాన్ని తనలోనే వేసుకోబోతుంది! రైట్ క్లిక్‌తో ఎక్స్‌పీఐ ఫైల్‌ను సేవ్ చేసుకుని, థండర్‌బర్డ్‌లో గేర్ గుర్తు కింద ఉన్న ‘ఇన్‌స్టాల్ యాడ్‌ఆన్ ఫ్రమ్ ఫైల్’ ద్వారా వేసుకోవాలి.

అసలు చిక్కు ఇక్కడే. ఫైర్‌ఫాక్స్ అయితే మొజిల్లా డిజిటల్ సంతకం లేని యాడ్‌ఆన్‌ను మామూలుగా లోపలికి రానివ్వదు. థండర్‌బర్డ్‌లో ఆ నిబంధన లేదు. ఎక్కడి నుంచి తెచ్చిన ఫైల్ అయినా వేసేసుకోవచ్చు. కాపాడేది ఇన్‌స్టాల్ సమయంలో వచ్చే పర్మిషన్ల బాక్స్ ఒక్కటే. మనమేమో చదవకుండా ఓకే కొట్టేస్తాం. అందులో ‘థండర్‌బర్డ్‌కు, మీ కంప్యూటర్‌కు పూర్తి యాక్సెస్’ అనే అర్థంలో లైన్ కనిపిస్తే ఆగండి. అలా అడిగేవన్నీ మోసం కాదు, మంచి యాడ్‌ఆన్లు కూడా కొన్ని అడుగుతాయి. కానీ ఊరూపేరూ లేని సైట్ నుంచి తెచ్చిన ఫైల్ అలా అడిగితే, బయ్యర్‌తో మీ బేరసారాలన్నీ ఎవరి చేతిలోనో పెట్టినట్టే.

అలాంటి ఫైళ్ల జోలికి జనం ఎందుకు వెళ్తారు? అప్‌డేట్ తర్వాత అలవాటైన యాడ్‌ఆన్ ఆగిపోతుంది కాబట్టి. 2020లో 78 వెర్షన్ రాగానే పాత పద్ధతి యాడ్‌ఆన్లన్నీ మూలపడ్డాయి. మెయిల్‌ను రహస్యంగా పంపే ఎనిగ్‌మెయిల్ కూడా ఆగిపోయింది, అయితే ఆ పనిని థండర్‌బర్డ్ తనలోనే కలిపేసుకుంది.

సొంతంగా తయారు చేసుకోవచ్చా? జావాస్క్రిప్ట్ తెలిసిన కాకినాడ ఇంజినీరింగ్ కుర్రాళ్లకు ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఒక ఫోల్డర్‌లో ‘మ్యానిఫెస్ట్ డాట్ జేసన్’ ఫైల్ పెట్టి పేరు, వెర్షన్, ఐడీ, కావాల్సిన పర్మిషన్లు రాయాలి. పక్కనే జావాస్క్రిప్ట్ ఫైల్. ఉదాహరణకు, అడ్రస్ బుక్‌లో లేని ఐడీకి మెయిల్ వెళ్తుంటే ఆపి హెచ్చరించాలనుకుందాం. ‘సెండ్’ నొక్కగానే, మెయిల్ బయటికి వెళ్లకముందే మన కోడ్ నడిచేలా ‘ఆన్ బిఫోర్ సెండ్’ అనే ఈవెంట్ ఉంది. అక్కడ ఐడీని పోల్చి చూసి, లేకపోతే క్యాన్సిల్ చేయమని చెప్పాలి. దీనికి కంపోజ్, అడ్రస్ బుక్స్ పర్మిషన్లు చాలు. బయ్యర్ ఐడీలో ఒక్క అక్షరం మార్చి, కొత్త అకౌంట్‌కు డబ్బు వేయమనే మోసగాడికి జవాబిచ్చేటప్పుడు ఆ చిన్న హెచ్చరికే లక్షలు కాపాడొచ్చు.

పరీక్షించడానికి టూల్స్‌లో డెవలపర్ టూల్స్, అక్కడ ‘డీబగ్ యాడ్‌ఆన్స్’లోకి వెళ్లి తాత్కాలికంగా లోడ్ చేయాలి. థండర్‌బర్డ్ మూసి తెరిస్తే అది పోతుంది, కంగారు పడొద్దు. అంతా కుదిరాక జిప్ చేసి, పేరు చివర ఎక్స్‌పీఐ అని మార్చితే యాడ్‌ఆన్ రెడీ. ఫోల్డర్‌ను కాకుండా లోపలి ఫైళ్లను సెలెక్ట్ చేసి జిప్ చేయాలి. కొత్తవాళ్లు బోల్తాపడేది ఎక్కువగా ఇక్కడే.

ఇదంతా కంప్యూటర్‌కే. 2024 అక్టోబర్‌లో వచ్చిన ఆండ్రాయిడ్ థండర్‌బర్డ్‌లో ఈ యాడ్‌ఆన్లు పనిచేయవు.