మొరాయించు పాలిషు యంత్రము: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు నేడు మన గ్రామజీవనములో భాగములైనవి. వెలిగండ్ల వంటి మండల కేంద్రములలో వానిని కడిగి, మెరుగు పెట్టి, పాత బండికి క్రొత్త కళ తెచ్చుట యువకులకు అనువైన స్వయం ఉపాధి. ఈ పనికి ముఖ్యమైన సాధనములు రెండు. ఒకటి నీటిని ఒత్తిడితో చిమ్ము మోటారు. రెండవది చేత పట్టుకొని నడుపు పాలిషు యంత్రము.

ఈ రెండవ యంత్రము ఒక్కొక్కప్పుడు మొరాయించును. ఉదయము చక్కగా తిరుగును, మధ్యాహ్నము ఆగిపోవును, తట్టిన మరల తిరుగును. ఇట్టి యంత్రమును తీగ మెలిత్రిప్పి, ప్లగ్గు కదిలించి, ఎట్లో నడుపుకొనుట పలువురికి అలవాటు. కాని బొత్తిగా నడవని యంత్రము పనిని మాత్రమే చెరుపును. నడిచీ నడవని యంత్రము మనిషి ప్రాణమునకే ముప్పు తేగలదు. ఈ ఒక్క సంగతి గ్రామములోని ప్రతి దుకాణదారునికి తెలియవలెనని మా కోరిక.

లోపము వెదకు క్రమము

చేతి విద్యుత్ పరికరములు నూరేండ్లకు మించిన వయస్సు కలవి. 1895లో జర్మనీ దేశమున స్టుట్‌గార్ట్ నగరములో ఫైన్ సంస్థవారు చేతితో పట్టుకొని బెజ్జము వేయు విద్యుత్ యంత్రమును తయారు చేసిరి. నేటి పాలిషు యంత్రములలో పెక్కింటి లోపల ఉన్నవి నాలుగే: తీగ, స్విచ్చి, కార్బన్ బ్రష్షులు, మోటారు చుట్టలు. లోపమును వెలుపలి నుండి లోపలికి వెదకిన వ్యయము తగ్గును.

మొదట కరెంటును చూడవలెను. మనకు రావలసినది 230 వోల్టులు. పొలములలో మోటార్లన్నియు ఒక్కసారి నడచునపుడు లైను చివరి ఇండ్లకు అది తగ్గవచ్చును. 1200 వాట్ల యంత్రము సుమారు 5 ఆంపియర్లు తీసికొనును. దానిని 30 మీటర్ల సన్నని తీగతో నడిపినచో ఆ తీగలోనే 8 వోల్టులు పోవును. వోల్టేజి తగ్గగా వేగము తగ్గును. పనివాడు మరింత అదుమును. లోపలి పంకా మెల్లగా తిరుగుటచే వేడి పోదు. తుదకు చుట్టలు కాలును. కావున తీగ పొట్టిగను, లావుగను ఉండవలెను. ఎక్స్‌టెన్షన్ తీగను చుట్టగా ఉంచి వాడరాదు, పూర్తిగా విప్పవలెను.

రెండవది యంత్రపు తీగ. పిడిలోనికి తీగ ప్రవేశించు మెడ వద్ద మాటిమాటికి వంగుటచే లోపలి రాగి పోగులు తెగును, పైతొడుగు మాత్రము బాగుగనే కనబడును. తీగ కదిలించినపుడు యంత్రము తిరిగి, వదలినపుడు ఆగినచో లోపము అచటనే యని అనుమానింపవలెను. దానికి టేపు చుట్టుట మందు కాదు. ఆ భాగమును కోసివేసి తీగను మరల బిగింపవలెను, లేదా క్రొత్త తీగ వేయవలెను.

మూడవది కార్బన్ బ్రష్షులు. ఇవి తిరుగు భాగమునకు కరెంటు అందించుచు క్రమముగా అరుగును. యంత్రము వెనుక చీలికలలో నిప్పురవ్వలు ఎక్కువగా కనబడుట, వేగము ఎగుడుదిగుడగుట వీని గుర్తులు. ఎండిన పాలిషు పొడి, ఉన్ని మెత్త నూగు లోపల చేరిన బ్రష్షు బిగుసుకొనును. తయారీదారు నిర్ణయించిన కొలత బ్రష్షులనే, రెండింటిని ఒకేసారి మార్చవలెను. విప్పుటకు ముందు ప్లగ్గు ఊడదీయుట ఎన్నడును మరువరాదు. ఇవన్నియు సరిగా ఉండియు యంత్రము ఆగుచున్నచో స్విచ్చినో, మోటారు చుట్టలనో నిపుణునికి చూపవలెను.

కరెంటు పోయి వచ్చునపుడు

పాలిషు యంత్రములలో కొన్నింటికి స్విచ్చిని బిగించి ఉంచు బొత్తాము ఉండును. పని మధ్యలో కరెంటు పోవును. పనివాడు యంత్రమును బల్లపై పెట్టి టీ త్రాగబోవును. కరెంటు రాగానే యంత్రము తనంతట తానే లేచి తిరుగును. తన తీగను తానే చుట్టుకొనవచ్చును, ప్రక్కనున్న పిల్లవానిపై పడవచ్చును. కావున కరెంటు పోయిన తక్షణమే బొత్తాము విడిపించి ప్లగ్గు తీయవలెను. ఆగి ఆగి నడచు యంత్రమునకు ఇదే నియమము.

నీరు, ఎర్తు

కడుగు చోటనే పాలిషు పెట్టుట మంచిది కాదు. పాలిషు యంత్రముపై చతురస్రములో చతురస్రము గుర్తు ఉన్నచో దానికి రెండు పొరల రక్షణ కలదు, ఎర్తు తీగ అక్కరలేదు. అయినను తడి చేతికి, తడి నేలకు ఆ రక్షణ చాలదు. నీటి మోటారుకు మాత్రము మూడు కాళ్ల ప్లగ్గు, ఎర్తు తప్పనిసరి. మూడవ కాలు విరిచి వాడుట ఆత్మహత్యా సదృశము.

మన మెట్ట ప్రాంతమున వేసవిలో నేల ఎండిపోవును. అప్పుడు ఎర్తు గుంత కూడ ఎండి పని చేయకుండును. దానికి నీరు పోయుచుండవలెను. 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. అమర్చినచో కరెంటు దారి తప్పి నేలకు పోయిన వెంటనే సరఫరా ఆగును. దాని పరీక్షా బొత్తామును నెలకొకసారి నొక్కి చూడవలెను. ఎవరికైనను షాకు తగిలినచో వారిని ముట్టరాదు. మెయిను ఆపి, వీలుకానిచో పొడి కర్రతో విడదీసి, 108కి కబురు చేయవలెను.

కొనుగోలుదారుని హక్కు

క్రొత్త యంత్రమే మొరాయించినచో దానిని విప్పరాదు. బిల్లు, గ్యారంటీ కాగితముతో అమ్మినవారి వద్దకు పోవలెను. వ్యాపారమునకు కొన్నది గావున హక్కు లేదని కొందరు భయపెట్టుదురు. అది సరికాదు. స్వయం ఉపాధితో జీవనము గడుపుకొనుటకే కొన్నవాడు కూడ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము వినియోగదారుడే. 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. వివాద కారణము ఏర్పడిన రెండేండ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించనిచో ఫిర్యాదుకు రుసుము లేదు.

పంచాయతీ చేయదగినది

సభ్యులు తమ వార్డులోని దుకాణములను లైన్‌మన్‌తో కలిసి వేసవికి ముందొకసారి చూచి, ఎర్తు లేనివారికి నచ్చజెప్పవలెను. పంచాయతీ నీటి మోటార్ల ఎర్తును కూడ అదే దినమున పరీక్షింపజేయవలెను. తాను పాటింపని నియమమును ఇతరులకు చెప్పిన ఎవరును వినరు. వోల్టేజి తగ్గిన తేదీలు, వేళలు ఒక పుస్తకములో వ్రాసి ఉంచి, 1912 నంబరుకు తెలుపవలెను. ఫలితము లేనిచో 2003 నాటి విద్యుత్ చట్టము క్రింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వ్రాయవచ్చును. నోటిమాట కంటె వ్రాసిన లెక్కకు విలువ హెచ్చు.

ఒక జత కార్బన్ బ్రష్షులకు, ఒక మంచి తీగకు అగు వ్యయము స్వల్పము. ఆ స్వల్ప వ్యయమునకు వెనుకాడి, కుటుంబమును పోషించు చేతిని పోగొట్టుకొను దుస్థితి మన గ్రామములలో ఏ ఇంటికిని రాకుండ చూచుట పంచాయతీ సభ్యుల చేతిలోని పని.