రోడ్డు పని జరుగు చోట వేగము - జుల్మానా

గుంటలు పడిన రోడ్డును చూచి విసుగు చెందనివారు లేరు. ఆ గుంటలు పూడ్చుటకు పనివారు వచ్చి రోడ్డులో సగము మూసినప్పుడు విసుగు చెందనివారును లేరు. బాట బాగుపడవలెనని అందరమును కోరుదుము. అది బాగుపడుచున్న నాలుగు దినములు మాత్రము ఓర్చుకొనలేము. ఈ ఓర్పులేమి ఒక్కొక్కప్పుడు పార పట్టిన కూలీ ప్రాణమునకో, చీకటిలో గోతివైపు పోయిన ప్రయాణికుని ప్రాణమునకో ముప్పు తెచ్చుచున్నది. అందుచేతనే రోడ్డు పనులు జరుగు చోట ప్రమాదకరముగా బండి నడుపువారికి హెచ్చు జుల్మానా విధించు పద్ధతి కొన్ని దేశములలో ఏర్పడినది. మన దేశపు చట్టమున ఈ విషయమై ఏమున్నది, అది ఎందులకు అట్లున్నది, మన ఇండ్లలో బండి నడుపువారు దానిని ఎట్లు గ్రహింపవలెను అను సంగతులను ఇచ్చట మనవిచేయుదుము.

కృష్ణా డెల్టా దిగువ ప్రాంతమున నివసించు మనకు ఈ విషయము మిక్కిలి దగ్గరిది. పదునేడవ శతాబ్దమున బందరు రేవునుండి గోల్కొండకు పేరుపొందిన వర్తకపు బాట యుండెను. నేడు మచిలీపట్నమునుండి విజయవాడ, హైదరాబాదుల మీదుగా పూనా వరకు 65వ జాతీయ రహదారి పోవుచున్నది. కత్తిపూడినుండి ఒంగోలు వరకు తీరప్రాంతమున సాగు 216వ రహదారి మచిలీపట్నమును, దివిసీమను తాకుచు పులిగడ్డ వద్ద కృష్ణను దాటుచున్నది. పామఱ్ఱు వద్ద బయలుదేరు 165వ రహదారి గుడివాడ మీదుగా పాలకొల్లు వైపు పోవును. విజయవాడ - మచిలీపట్నము రోడ్డు 2010 తరువాతి దశకమున నాలుగు వరుసల రోడ్డుగా విస్తరింపబడినది. 2023 మే నెలలో మచిలీపట్నము ఓడరేవు నిర్మాణమునకు పనులు ప్రారంభమైనవి. ఇట్టి పనులు జరుగునపుడు కంకర, ఇసుక, ఇనుము మోయు లారీలు ఈ రోడ్లపైననే తిరుగవలసియుండును.

మన భూమి స్వభావమునుబట్టియు ఇచ్చట రోడ్డు పని తఱచు జరుగక తప్పదు. డెల్టాలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు బీటలు వాఱును. నేల కదలినప్పుడెల్ల పైనున్న తారు పగులును. ఆ పగుళ్లలో నీరు దిగి, దానిమీద బరువు బండ్లు నడచినచో గుంటలు పడును. తుపాను వచ్చినను, వరద వచ్చినను రోడ్డే ముందుగా దెబ్బతినును. 1977 నవంబరు ఉప్పెన తరువాత దివిసీమలో ఎన్ని బాటలను మరల వేసికొనవలసివచ్చెనో పెద్దలు ఎఱుగుదురు. వీనికితోడు మన రోడ్లు పెక్కుచోట్ల ఒకప్రక్క కాలువను, ఒకప్రక్క పంటబోదెను ఆనుకొనియుండును. రోడ్డులో సగము త్రవ్వినచో మిగిలిన సగమునకును కాలువకును నడుమ నాలుగడుగుల గట్టు మాత్రమే మిగులుట కలదు. ఆ సగముమీదనే బస్సును, ధాన్యపు ట్రాక్టరును, బడికిపోవు పిల్లల సైకిలును నడువవలెను.

రోడ్డు పని చేయు చోటును ఎట్లు ఏర్పాటు చేయవలెనో నిర్ణయించిన నియమములు కలవు. 1934లో స్థాపింపబడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు అను సంస్థ ఇందుకొఱకు ప్రత్యేకముగా ఒక మార్గదర్శక గ్రంథమును ప్రకటించి, దానిని 2014లో సవరించినది. దాని ప్రకారము పని జరుగు చోటు నాలుగు భాగములుగా ఉండును. మొదటిది హెచ్చరిక భాగము. ఇచ్చట ఎఱ్ఱ అంచుగల ముక్కోణపు పలకపై పార పట్టిన మనిషి బొమ్మ కనబడును. ముందు పని జరుగుచున్నదని దాని అర్థము. రెండవది దారి మళ్లించు భాగము. కోనులు, పీపాలు ఏటవాలుగా నిలిపి బండ్లను మెల్లగా ప్రక్క వరుసకు పంపుదురు. మూడవది పని జరుగు భాగము. మనుష్యులు, యంత్రములు, కంకర గుట్టలు అన్నియు ఇచ్చటనే ఉండును. నాలుగవది బండ్లు మరల తమ వరుసకు చేరు భాగము. రోడ్డు ఇఱుకైనచోట రెండు కొసలయందును జెండాలు పట్టిన మనుష్యులు నిలిచి, ఒకవైపు బండ్లను ఆపి రెండవవైపు బండ్లను వదలుదురు. రాత్రివేళ దీపములును, వెలుతురు పడగా మెఱయు పట్టీలును ఉండవలెను.

హెచ్చరిక పలకను పనికి అంత ముందుగా ఏల పెట్టుదురు? బండి వెంటనే ఆగునది కాదు. కంటికి కనబడిన వస్తువును మనసు గ్రహించి, కాలు బ్రేకుపై పడుటకే కొంత కాలము పట్టును. ఇంజనీర్లు దీనిని రెండున్నర సెకండ్లుగా లెక్కింతురు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆ రెండున్నర సెకండ్లలోనే సుమారు 42 మీటర్లు ముందుకు పోవును. బ్రేకు వేసిన తరువాత ఆగుటకు మరికొంత దూరము కావలెను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారి లెక్క ప్రకారము, వస్తువును చూచినది మొదలు బండి నిలుచువఱకు గంటకు 40 కిలోమీటర్ల వేగమున 45 మీటర్లు, 60 కిలోమీటర్ల వేగమున 80 మీటర్లు, 80 కిలోమీటర్ల వేగమున 120 మీటర్లు, 100 కిలోమీటర్ల వేగమున 180 మీటర్లు అవసరము. వేగము రెట్టింపైనచో ఆగు దూరము రెట్టింపుకంటె చాల హెచ్చగుచున్నదని దీనివలన తెలియుచున్నది. ఈ లెక్క శుభ్రమైన రోడ్డునకు చెప్పినది. పని జరుగు చోట రోడ్డుపై చిల్లకంకర, బురద, ఇసుక ఉండును. వానిపై చక్రములకు పట్టు తగ్గి జాఱుటచే దూరము ఇంకను పెరుగును.

పనివాని స్థితిని గూడ తలపోయవలెను. అతడు నడుము వంచి, బండ్లకు వెన్నుచూపి పని చేయుచుండును. ప్రక్కనున్న రోలరు మోతలో మన హారను అతనికి వినబడదు. వేడి తారు మోయు మనిషి ఒక్క గంతులో ప్రక్కకు తొలగలేడు. బండి నడుపువానికి స్టీరింగు, బ్రేకు, చుట్టును ఇనుప తొడుగు కలవు. పనివానికి తలపై ఒక టోపీ, ఒంటిపై మెఱయు చొక్కా ఉన్నచో అవియే రక్ష. ఇద్దరిలో జాగ్రత్తపడగలిగినవాడు బండి నడుపువాడే కనుక చట్టము ముఖ్యభారమును అతనిపై మోపినది.

ఇక చట్టము సంగతి. మన దేశమున అమలులోనున్నది 1988 నాటి మోటారు వాహనముల చట్టము. 2019లో దీనికి పెద్ద సవరణ జరిగినది. జుల్మానాలకు సంబంధించిన భాగములు ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. ప్రజాక్షేమముకొఱకుగాని, రోడ్డు స్థితినిబట్టిగాని, ఒకచోట వేగమును తగ్గించి పలక నాటు అధికారము 112వ సెక్షనుచే లభించుచున్నది. ఆ కట్టడి నెలకు మించనిదైనచో గెజెటులో ప్రకటింపనవసరము లేదు. కావున రోడ్డు పని చోట తాత్కాలికముగా అధికారులు నాటిన వేగపు పలకను అలక్ష్యము చేయరాదు. హద్దు మీఱి వేగముగా నడపినచో 183వ సెక్షను ప్రకారము కారు వంటి తేలిక బండికి 1,000 రూపాయలనుండి 2,000 రూపాయల వఱకు, లారీ, బస్సు వంటి బరువు బండికి 2,000 నుండి 4,000 రూపాయల వఱకు జుల్మానా కలదు.

మన విషయమునకు ముఖ్యమైనది 184వ సెక్షను. ప్రమాదకరముగా బండి నడుపుట అనగా ఏమో ఇది తెలుపుచున్నది. నడిపిన వేగమొక్కటియే కాక, ఆ చోటు ఎట్టిది, దాని స్థితి ఎట్లున్నది, దేనికి ఉపయోగపడుచున్నది, అచ్చట రాకపోకలు ఎంత అనునవి అన్నియు చూడవలెనని ఇది ఆదేశించుచున్నది. ఖాళీ రోడ్డుపై తప్పు కాని వేగమే మనుష్యులు పని చేయు చోట నేరము కావచ్చును. 2019 సవరణలో మఱియొక సంగతి చేరినది. బండిలోనివారికిగాని, రోడ్డుపై పోవువారికిగాని, రోడ్డు దగ్గఱనున్నవారికిగాని భీతి కలుగునట్లు నడుపుటయు ఈ సెక్షను క్రిందికే వచ్చును. రోడ్డు దగ్గఱనున్నవారు అనినచో ప్రక్కన పార పట్టి నిలిచిన కూలీయును వారిలో చేరును. ఎఱ్ఱదీపమును లెక్కచేయకపోవుట, నిలుపు పలకను దాటిపోవుట, చేత ఫోను పట్టుకొని నడుపుట, నియమవిరుద్ధముగా ఇతరులను దాటుట, ఎదురు దారిలో నడుపుట అనునవి గూడ ఈ సెక్షనులో పేర్కొనబడినవి. రోడ్డు పనుల చోట తఱచు జరుగు తప్పులలో పెక్కు వీనిలోనివే.

శిక్షయు పెరిగినది. 1988 చట్టమున ఈ నేరమునకు మొదటిసారి ఆరు నెలల వఱకు ఖైదుగాని, 1,000 రూపాయల వఱకు జుల్మానాగాని ఉండెడిది. ముప్పది సంవత్సరములలో రూపాయి విలువ తగ్గుచు వచ్చినను ఆ మొత్తము మాఱలేదు. లారీ యజమానికి అది ఒక పూట డీజిలు ఖర్చంతయు కాకపోయెను. 2019 తరువాత మొదటి నేరమునకు ఆరు నెలలనుండి ఒక సంవత్సరము వఱకు ఖైదుగాని, 1,000 నుండి 5,000 రూపాయల వఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. మూడేండ్లలోపల మరల చేసినచో రెండేండ్ల వఱకు ఖైదుగాని, 10,000 రూపాయల జుల్మానాగాని, రెండునుగాని కలవు. లైసెన్సును పోలీసువారు స్వాధీనము చేసికొనుటకును అధికారము కలదు. కోర్టు వెలుపల రాజీపడు మొత్తములను మాత్రము రాష్ట్ర ప్రభుత్వములు నిర్ణయించును. బండి తగిలి మనిషి మరణించినచో సంగతి జుల్మానాతో తీఱదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము నిర్లక్ష్యమువలన ప్రాణము తీసినవానికి ఐదేండ్ల వఱకు ఖైదు పడవచ్చును.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున డల్లాసు, హ్యూస్టను నగరములలో మన తెలుగువారు అనేకులు కాపురమున్నారు. అచ్చట పనివారు ఉన్న సమయమున రోడ్డు పని చోట నియమము తప్పినచో జుల్మానా రెట్టింపగును. ఆ సంగతిని పలకలపై వ్రాసి ముందుగనే తెలుపుదురు. మన చట్టమున రోడ్డు పని చోటునకు ప్రత్యేకముగా రెట్టింపు జుల్మానా లేదు. రాష్ట్ర ప్రభుత్వములు జుల్మానాలను పది రెట్ల వఱకు పెంచుకొనవచ్చునని 210ఏ సెక్షను చెప్పుచున్నది. కాని అందు భేదము చూపదగినది బండ్ల తరగతినిబట్టియేగాని చోటునుబట్టి కాదు. చోటునుబట్టి రెట్టింపు చేయు పద్ధతి మన దేశమునకును తగినదని మా అభిప్రాయము. ఏలననగా పలకపై వ్రాసిన మొత్తము తప్పు జరుగకముందే కాలిని బ్రేకుపైకి తెచ్చును. తరువాత ఇంటికి వచ్చు చలాను ఆ పని చేయజాలదు.

అయితే న్యాయము రెండువైపుల నుండవలెను. పలక లేని గోతిలో పడినవానికి జుల్మానా వేయుట అన్యాయము కాదా అని శ్రోతలు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. 198ఏ సెక్షను ఇందుకొఱకు ఏర్పడినది. నిర్ణయించిన ప్రమాణములను రోడ్డు వేయు కంట్రాక్టరుగాని, పర్యవేక్షించు సలహాదారుగాని, అధికారిగాని పాటింపకపోవుటచే ఎవరైనను మరణించినను, అంగవైకల్యము పొందినను, వారికి లక్ష రూపాయల వఱకు జుల్మానా విధింపవచ్చును. ఇందొక భేదమును గమనింపుడు. బండి నడుపువాడు ఎవరికిని దెబ్బ తగులకపోయినను శిక్షార్హుడగుచున్నాడు. దీపము పెట్టని కంట్రాక్టరు ఈ సెక్షను ప్రకారము ప్రాణమో అవయవమో పోయిన పిదపనే శిక్షార్హుడగుచున్నాడు. గోతివద్ద దీపము లేనినాడే బాధ్యుని నిలదీయు ఏర్పాటు బలపడినప్పుడే బండి నడుపువానిపై వేయు జుల్మానాకు ప్రజలలో గౌరవము కలుగును.

కడపట ఇంటిపెద్దలకు నాలుగు మాటలు. పార బొమ్మ కనబడిన వెంటనే వేగము తగ్గింపవలెను. కోనుల వఱకు ఆగరాదు. జెండా మనిషి ఆపినచో ప్రక్కనుండి దూరిపోరాదు. ఎదుట వచ్చునది ధాన్యపు ట్రాక్టరైనచో ఇద్దరికిని దారి చాలదు. ఇసుక బస్తాలను, కోనులను ఇంటి అవసరములకు తీసికొనిపోరాదు. పని కొఱకు మూసిన రోడ్డు ఖాళీగా ఉన్నదని దానిపై ధాన్యము ఆరబోయరాదు. లైసెన్సు లేని పిల్లవానికి బండి తాళము ఇవ్వరాదు. మైనరు నేరము చేసినచో 199ఏ సెక్షను ప్రకారము సంరక్షకునికి లేక బండి యజమానికి మూడేండ్ల వఱకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయు పడవచ్చును. జాతీయ రహదారిపై దీపము లేని గోయి కనబడినచో 1033కు, ప్రమాదము జరిగినచో 112కు ఫోను చేయవచ్చును.

ఒక కిలోమీటరు దూరమును 60 వేగమున దాటుటకు ఒక నిముషము, 30 వేగమున దాటుటకు రెండు నిముషములు పట్టును. పని జరుగు చోటు అరకిలోమీటరు ఉన్నదనుకొన్నచో నిదానించుటచే మనకు పోవునది అర నిముషము. పామఱ్ఱునుండి బందరు చేరువఱకు ఇట్టి చోట్లు నాలుగు తగిలినను రెండు నిముషములకు మించదు. ఆ రెండు నిముషములును రోడ్డు ప్రక్క తట్ట మోయుచున్నవారికి ఇచ్చి, సాయంకాలము వారును మనమును క్షేమముగా ఇండ్లు చేరునట్లు బండి నడుపుదము.