చూసేది బార్ కాదు, రిమోట్!
చేతి కదలికలతో ఆడే గేమ్ కన్సోల్ వెనుక విజ్ఞానం

టీవీ ముందు నిలబడి చెయ్యి విసిరితే తెర మీద టెన్నిస్ బంతి ఎగురుతుంది. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 2006 నవంబరులో మొదట అమెరికాలో విడుదల చేసిన ‘వీ’ కన్సోల్ ప్రత్యేకత ఇదే. బొటనవేళ్లకే పరిమితమైన వీడియో గేమ్‌ను అది భుజాల దాకా తెచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 10 కోట్లకు పైగా అమ్ముడైంది. దీన్ని ఇంట్లో అమర్చుకోవడం కష్టమేమీ కాదు. అయితే అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే చాలా చిక్కులు తప్పుతాయి.

ముందు కరెంటు సంగతి

అమెరికాలో ఉంటున్న బంధువులు తెచ్చిన కన్సోల్ అయితే ప్లగ్ పెట్టే ముందు అడాప్టర్ మీది అక్షరాలు చదవాలి. అక్కడ అమ్మిన వీ అడాప్టర్ 120 వోల్టుల కోసం తయారైనది. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు. నేరుగా పెడితే అడాప్టర్ కాలిపోవచ్చు. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ గానీ, మన కరెంటుకు సరిపోయే అడాప్టర్ గానీ వాడాలి. ఒక ప్రాంతం కోసం తయారైన గేమ్ డిస్కులు మరో ప్రాంతపు కన్సోల్‌లో ఆడవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పేరుకే సెన్సర్

టీవీకి పైన గానీ కింద గానీ మధ్యలో పెట్టే సన్నని కడ్డీని సెన్సర్ బార్ అంటారు. అది మనల్ని గమనిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో సెన్సరే లేదు. రెండు చివరలా పరారుణ కాంతినిచ్చే చిన్న ఎల్‌ఈడీలు మాత్రమే ఉంటాయి. చూసే కన్ను రిమోట్ ముందు భాగంలో ఉంది. అక్కడి చిన్న పరారుణ కెమెరాకు బార్ రెండు చివరలూ రెండు కాంతి చుక్కలుగా కనిపిస్తాయి.

రాత్రివేళ దూరంగా వస్తున్న బస్సు హెడ్‌లైట్లు ఒకే చుక్కలా కనిపించి, దగ్గరయ్యేకొద్దీ విడిపోతాయి. రిమోట్ లెక్క కూడా ఇలాంటిదే. చుక్కల మధ్య ఎడాన్ని బట్టి దూరం, వాటి స్థానాన్ని బట్టి రిమోట్ గురిపెట్టిన దిశ తెలుస్తాయి. అందుకే బార్ స్థానంలో వెలిగించిన రెండు కొవ్వొత్తులు ఉన్నా రిమోట్ పనిచేస్తుంది. ఇదే కారణంగా టీవీ పక్కన దీపాలు వెలుగుతున్నా, కిటికీలోంచి ఎండ పడుతున్నా తెర మీది గుర్తు గంతులు వేస్తుంది. అప్పుడు కన్సోల్‌ను అనుమానించనక్కర్లేదు, కర్టెన్ వేస్తే చాలు.

చేతి ఊపు ఎలా తెలుస్తుంది?

బస్సు ఒక్కసారిగా ముందుకు కదిలితే నిలబడ్డవారు వెనక్కి తూలుతారు. రిమోట్‌లోని యాక్సిలరోమీటర్ ఈ జడత్వ సూత్రం మీదే పనిచేస్తుంది. చిప్‌లో సూక్ష్మమైన సిలికాన్ స్ప్రింగులకు ఒక చిన్న ముక్క వేలాడుతుంది. చెయ్యి కదిలినప్పుడు అది కాస్త వెనకబడుతుంది. ఆ తేడాను విద్యుత్ సంకేతంగా మార్చి, బ్లూటూత్ ద్వారా కన్సోల్‌కు పంపుతారు. ఫోన్‌ను పక్కకు తిప్పితే తెర తిరిగేది కూడా ఇలాంటి చిప్ వల్లే.

దీనికో పరిమితి ఉంది. గురుత్వాకర్షణ ప్రభావాన్నీ చేతి ఊపునూ అది విడదీసి చెప్పలేదు. సోఫాలో కూర్చొని మణికట్టు ఆడించినా టెన్నిస్ షాట్ పడేది అందుకే. ఈ లోటు పూడ్చడానికి 2009లో గైరోస్కోప్ ఉన్న ‘మోషన్‌ప్లస్’ అనే అదనపు పరికరం వచ్చింది.

తాడు మరవొద్దు

విసురుగా ఊపే చేతికి చెమట పడితే రిమోట్ జారి టీవీకి తగలవచ్చు. మొదట ఇచ్చిన మణికట్టు తాళ్లు తెగుతున్నాయని 2006 డిసెంబరులో నింటెండో సుమారు 32 లక్షల తాళ్లకు బదులు మరింత మందమైనవి ఇస్తామని ప్రకటించింది. తాడు బిగించుకొని, టీవీకి ఒకటి నుంచి రెండున్నర మీటర్ల దూరంలో నిలబడాలి. పైన ఫ్యాన్ ఎంత ఎత్తులో ఉందో, వెనక పిల్లలెవరైనా ఉన్నారో చూసుకోవాలి. ఆటలో మునిగినవారికి తెర తప్ప మరేదీ కనిపించదు.