తెరలోని ఊళ్లో భాషా పాఠాలు

కంప్యూటర్‌లో నిర్మించిన త్రిమితీయ లోకాలను వర్చువల్ ప్రపంచాలు అంటారు. అమెరికాకు చెందిన లిండెన్ ల్యాబ్ 2003లో ప్రారంభించిన సెకండ్ లైఫ్ వీటిలో బాగా పేరున్నది. ఇందులో ప్రతి ఒక్కరూ అవతార్ అనే బొమ్మ రూపంలో తిరుగుతారు. స్పానిష్ నేర్పే సెర్వాంటెస్ ఇన్‌స్టిట్యూట్, జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్ ఇక్కడ కేంద్రాలు తెరిచాయి.

ఇక్కడ టైపు చేసిన మాట మామూలుగా 20 మీటర్ల లోపున్న అవతార్లకే కనిపిస్తుంది. గుసగుసకు 10, కేకకు 100 మీటర్లు హద్దు. 2007లో నోటితో మాట్లాడే సౌకర్యం వచ్చింది. దగ్గరివారి గొంతు గట్టిగా, దూరమైనకొద్దీ సన్నగా వినిపిస్తుంది. అందుకే విద్యార్థులను జట్లుగా విడదీసి, ఎడంగా నిలబెట్టి మాట్లాడించవచ్చు.

పాఠం ఒక పని చుట్టూ సాగుతుంది. ఒకరు హోటల్లో భోజనం అడుగుతారు, మరొకరు వడ్డించేవారిగా బదులిస్తారు. ఇంకొకరు స్టేషన్‌కు దారి చెబితే, విన్నవారు నిజంగానే ఆ దారిన నడవాలి. అర్థమైందో లేదో వెంటనే తేలిపోతుంది. తమ అసలు ముఖం కనిపించదు కాబట్టి బిడియస్తులూ ధైర్యంగా నోరు విప్పగలుగుతారు. వేరే దేశంలో ఉన్న, నేర్చుకుంటున్న భాష మాతృభాషగా గలవారితో మాట్లాడే అవకాశమూ దొరుకుతుంది.

ఇబ్బందులూ లేకపోలేదు. మంచి కంప్యూటర్, వేగమైన ఇంటర్నెట్ కావాలి. అవతార్‌ను నడపడం అలవాటయ్యేదాకా భాష మీద ధ్యాస నిలవదు. పెదవుల కదలిక, ముఖకవళికలు సరిగా కనిపించవు. అందుకే పనులను ముందే సిద్ధం చేసి, తప్పులు దిద్దే ఉపాధ్యాయుడు ఉంటేనే ఈ చదువు ఫలిస్తుంది.